బేబీసిటర్‌కు ఇంకో కొవ్వొత్తా? ఈ క్రిస్మస్‌కైనా ఆపండి

నమస్కారం. డిసెంబరు వచ్చేసింది, సువాసనల కొవ్వొత్తులు బయలుదేరాయి. మీ పిల్లలను చూసుకోవడానికి వచ్చే ఆ పదహారేళ్ల అమ్మాయి బల్ల సొరుగులో ఇప్పటికే మూడు పడి ఉన్నాయి. నాలుగోది మీ చేతిలో ఉంది. కింద పెట్టేయండి.

పోయిన వారం ఇదే మాట అన్నాను. బేబీసిటర్‌కు క్రిస్మస్‌కు వస్తువు కొనకండి, కవరు ఇవ్వండి అన్నాను. అంతే, సగం మంది నా మీద విరుచుకుపడ్డారు. “చిన్నపిల్ల చేతిలో డబ్బు పెడితే ఇక పండగ ఏముంది? కూలి ఇచ్చినట్టు ఉండదా?” అని. మిగతా సగం మంది “మాకూ ఇవ్వాలనే ఉంది, కానీ మొహమాటం” అన్నారు. వెనక్కి తగ్గుతానని ఎదురుచూస్తున్నవాళ్లు ఈ వీడియో ఇక్కడే ఆపేయవచ్చు. నేను ఇంకో మెట్టు ఎక్కడానికి వచ్చాను. ఆ అమ్మాయికి మీరు ఇవ్వగలిగిన వాటిలో అన్నిటికన్నా విలువైనదానికి ఖర్చే లేదు. ఒక కాగితం. కింద మీ సంతకం. ఆగండి, ఎందుకో చెబుతాను.

పదిహేనో ఏట మొదలుపెట్టి మూడేళ్లు నేను ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలను చూసుకున్నాను. మొదటి క్రిస్మస్‌కు వాళ్లమ్మగారు నాకు ఒక కప్పు ఇచ్చారు. దాని మీద ఆ ఇద్దరి ఫొటో అచ్చు వేయించారు. ఫొటోలో పెద్దవాడు కళ్లు మూసుకున్నాడు. చిన్నది సరిగ్గా అంచు దగ్గర ఉంది, తాగాలంటే దాని నెత్తి మీద పెదవి ఆనించాలి. నేను కాగితం విప్పుతున్నంతసేపూ ఆవిడ ఎదురుగా నిలబడి నా ముఖమే చూస్తున్నారు. “చాలా బాగుందండీ” అన్నాను. ఇంకేమంటాను? ఇంటికి తెచ్చి అందులో పెన్నులు వేసుకున్నాను. ఆవిడ ఎంతో మంచి మనిషి, ఆ సంగతి కూడా చెప్పాలి.

మూడేళ్ల తర్వాత సెలవుల్లో ఒక దుకాణంలో పనికి దరఖాస్తు పెట్టాను. ఫారంలో ‘గత అనుభవం’ అని ఒక గడి. అందులో నేను ‘లేదు’ అని రాశాను. మంచం కింద దూరి రానంటే రానని భీష్మించిన వాడిని బతిమాలి, కథ చెప్పి, బయటికి రప్పించి నిద్రపుచ్చిన మనిషిని. అర్ధరాత్రి చిన్నది వాంతి చేసుకుంటే దుప్పటి మార్చి, ఒళ్లు తుడిచి, వాళ్లమ్మకు కంగారు పడకుండా ఫోను చేసిన మనిషిని. ఇదంతా చేసి, ‘లేదు’ అని రాశాను! రాయక ఏం చేయను? ఆ మూడేళ్లకు రుజువుగా నా దగ్గర ఉన్నదల్లా ఒక కప్పు.

అందుకే కప్పులంటే నాకు అంత మంట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మనం బహుమతి కొనేటప్పుడు మన కళ్ల ముందు కదిలేది ఒకే ఒక్క దృశ్యం. ఆ అమ్మాయి కాగితం విప్పుతుంది, ముఖం వెలిగిపోతుంది, మనం మురిసిపోతాం. 2016లో జెఫ్ గలాక్, జూలియన్ గివి, ఎలనార్ విలియమ్స్ అనే ముగ్గురు పరిశోధకులు సరిగ్గా దీని మీదే ఒక వ్యాసం రాశారు. ఇచ్చేవాళ్లు చేతులు మారే ఆ క్షణాన్ని చూస్తారు, పుచ్చుకునేవాళ్లు ఆ తర్వాత దానితో గడిపే రోజులను చూస్తారు అన్నది వాళ్ల వాదన. కొవ్వొత్తి రహస్యం అంతా ఇదే. అది విప్పిన క్షణంలో ఘుమఘుమలాడుతుంది. ఆ తర్వాత? పదహారేళ్ల పిల్ల గదిలో కొవ్వొత్తి వెలిగిస్తే ఏ తల్లి ఊరుకుంటుంది?

“చవకైనది ఇస్తే ఏమనుకుంటుందో” అని కుమిలిపోయేవాళ్లకు ఇంకొకటి చెబుతాను. 2009లో ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. ఎక్కువ ఖర్చు పెడితే ఎక్కువ సంతోషిస్తారని ఇచ్చేవాళ్లు నమ్ముతారు. పుచ్చుకున్నవాళ్లను అడిగితే ధరకూ వాళ్ల సంతోషానికీ అలాంటి లంకె కనబడలేదు. అంటే ఆ ధర చీటీ పట్టుకుని నిద్ర మానుకున్నది మీరొక్కరే.

డబ్బు ఇవ్వడం మర్యాద కాదన్నవాళ్లూ, మీ దగ్గరికే వస్తున్నాను. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త 1993లో ఒక వ్యాసం ప్రచురించాడు. విద్యార్థులను కూర్చోబెట్టి, మీకు వచ్చిన పండగ బహుమతులకు మీ లెక్కలో విలువ ఎంత అని అడిగాడు, జ్ఞాపకాల విలువ పక్కన పెట్టి మరీ. పెట్టిన ఖర్చులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా గాలిలో కలిసిపోతోందని తేల్చాడు. స్నేహితులు ఇచ్చిన వాటిలో నష్టం తక్కువ. తాతలు, అమ్మమ్మలు, అత్తలు, బాబాయిలు ఇచ్చిన వాటిలో ఎక్కువ. నాకు నచ్చిన విషయం ఏమిటంటే, నేరుగా డబ్బు చేతిలో పెట్టే అలవాటు కూడా ఆ పెద్దవాళ్లకే ఎక్కువట. ఈ కాలం పిల్లల ఇష్టాలు తమకు తెలియవని వాళ్లు ఒప్పుకున్నారు. మనం ఒప్పుకోం! ఆ అమ్మాయి వారానికి నాలుగు గంటలు మన ఇంట్లో ఉంటుంది కనుక ఆమెకు ఏ రంగు ఇష్టమో, ఏ వాసన పడుతుందో మనకు తెలుసనుకుంటాం. ఆ నాలుగు గంటలూ మనం ఇంట్లో ఉండమండీ. ఆమె వచ్చేదే మనం బయటికి వెళ్లినప్పుడు.

పైగా పని చేసేవాళ్లకు క్రిస్మస్‌కు డబ్బు ఇవ్వడం నేను కనిపెట్టిన వింత కాదు. శామ్యూల్ పీప్స్ అని లండన్‌లో ఒక ప్రభుత్వ అధికారి ఉండేవాడు, రోజూ డైరీ రాసేవాడు. 1663 డిసెంబరు 19న చెప్పుల దుకాణానికి వెళ్లి బాకీ అంతా తీర్చి, అక్కడ పనిచేసే కుర్రాళ్ల క్రిస్మస్ డబ్బాలో కొంత వేశానని రాసుకున్నాడు. ఆ కాలంలో అలాంటి డబ్బాలు మట్టితో చేసేవారు. పైన సన్నని చీలిక, మూత ఉండదు. పగలగొడితేనే డబ్బు బయటికి వస్తుంది. ఆ కుర్రాళ్లది ఇంచుమించు మన బేబీసిటర్ వయసే అయి ఉంటుంది. ఆ అధికారి వాళ్లకు లావెండర్ కొవ్వొత్తి ఇవ్వలేదు!

సరే, ఎంత ఇవ్వాలి? మామూలుగా ఒక సాయంత్రానికి ఎంత ఇస్తారో అంత. చేతిలో ఆడకపోతే ఒక గంట డబ్బు చాలు. కానీ ఆ రోజు పని డబ్బుతో కలిపి ఇవ్వకండి, లెక్క తప్పి ఎక్కువ ఇచ్చారేమోనని పాపం తిరిగి ఇచ్చేస్తుంది. వేరే కవరు, పైన పేరు. వాళ్ల అమ్మానాన్నలకు తెలిసేలా ఇవ్వండి. అబ్బాయి అయినా ఇదే. బహుమతి కార్డు అంటారా, అది ఒక్క దుకాణంలోనే చెల్లే డబ్బు. ఆ దుకాణం ఎంచుకున్నది మీరు, ఆమె కాదు. చేతిలో ఏదో ఒక వస్తువు పెట్టకపోతే మనసు ఒప్పదంటే పొడుగాటి ఛార్జింగ్ తీగ కొనండి. అంతకు మించి నన్ను లాగకండి.

ఇంకో రెండు ఘోరాలున్నాయి. మొదటిది, “నువ్వూ మా పిల్లలూ కలిసి ఆడుకోండి” అని బోర్డు ఆట ఇవ్వడం. అది పనిముట్టు. వడ్రంగికి మీ ఇంటి తలుపు బాగుచేయడానికి సుత్తి కొనిచ్చి పండగ శుభాకాంక్షలు చెప్పినట్టుంది. రెండోది, కవరు చేతిలో పెడుతూ అదే నోటితో “డిసెంబరు 31 రాత్రి ఖాళీయేనా?” అని అడగడం. అయిపోయింది, మీ బహుమతి అక్కడికక్కడే బయానా అయిపోయింది. ఆ ప్రశ్న ఇంకో రోజు, ఇంకో ఫోనులో అడగండి.

ఇక కాగితం. “చాలా మంచి అమ్మాయి, ఓపిక ఎక్కువ, పిల్లలంటే ప్రాణం” అని రాసేరు సుమా! అలాంటి ఉత్తరం ఎవరి గురించైనా రాయవచ్చు. ఎప్పటి నుంచి వస్తోంది, ఎంతమంది పిల్లలు, ఏ వయసువాళ్లు, నెలకు ఎన్నిసార్లు, ఇవి రాయండి. తర్వాత ఒకే ఒక్క రాత్రి గురించి రాయండి. నేను మా ఇంటికి వచ్చే బేబీసిటర్ కోసం ఇలా రాశాను: “మార్చిలో ఒక రాత్రి మా చిన్నవాడికి జ్వరం 102 దాటింది. మందు వేయడానికి ముందు మాకు ఫోను చేసింది. మేము ఇల్లు చేరేసరికి ఏ గంటకు ఎంత జ్వరం ఉందో, మందు ఎప్పుడు వేసిందో రాసిన చీటీ ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది.” కింద సంతకం, నా ఫోను నంబరు, ఎవరు అడిగినా మాట్లాడతానని ఒక వాక్యం. రేపు ఏ ఉద్యోగానికో, ఏ కాలేజీకో వెళ్లినప్పుడు ‘గత అనుభవం’ గడిలో ఆ పిల్ల ‘లేదు’ అని రాయదు. ఏ కొవ్వొత్తి చేస్తుందండీ ఆ పని?

చిన్న హెచ్చరిక. ఉత్తరం రాసి బల్ల మీద వదిలేయకండి. నా మొదటి ప్రతి వెనుక మా ఐదేళ్లవాడు డైనోసార్ వేశాడు, మూడు కాళ్లది. పిల్లల బొమ్మ కూడా పెట్టండి, సంతోషిస్తుంది, కానీ వేరే కాగితం మీద వేయించండి.

నిన్న సాయంత్రం ఇచ్చాను. ముందే ఇచ్చేశాను, పండగ రోజుల్లో ఆమె రాదు. డబ్బు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుంది. ఉత్తరం మాత్రం చెప్పులు వేసుకోబోతూ గుమ్మం దగ్గర నిలబడే చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. నేను పొరపాటున కూడా ఆమె ముఖం వైపు చూడకుండా పాలగిన్నె కడుగుతున్నాను. చాలాసేపటికి, మెల్లగా పిలిచింది.

“ఆంటీ, నాకు పదిహేడు. మీరు పదహారు అని రాశారు.”

ఆ రాత్రే కూర్చుని మూడో ప్రతి రాశాను.