పిక్క పట్టేస్తే అడ్డు ఎక్కడున్నట్టు?

హోస్ట్: డాక్టర్ గారూ, కేబీఆర్ పార్కులో నడిచేవాళ్లు కొందరు "పిక్క పట్టేస్తోంది, కాసేపు ఆగితే పోతోంది" అంటుంటారు. నరాల నొప్పేనా అది?

డాక్టర్: రక్తనాళాన్నీ నరమే అంటాం కదండీ, తికమక అక్కడే. నడిస్తే వచ్చి, నిలబడ్డ కొద్ది నిమిషాల్లో పోయి, మళ్లీ ఇంచుమించు అంతే దూరానికి వస్తే ధమనిలో, అంటే గుండె నుంచి రక్తం తెచ్చే నాళంలో, అడ్డు ఉందని అనుమానించాలి. వెన్నులో నరం నొక్కుకుంటే నిలబడినా తగ్గదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి.

హోస్ట్: అడ్డు కూడా పిక్కలోనే ఉంటుందా?

డాక్టర్: కాదు, ఒక మెట్టు పైన. పిక్క పట్టేస్తే సాధారణంగా తొడ ధమనిలో, మోకాలికి కాస్త పైన. పిరుదు, తొడ పట్టేస్తే పొత్తికడుపు దగ్గర. ఈ రెండుచోట్లా పొగతాగడం పెద్ద కారణం. షుగర్ దారి వేరు. మోకాలి కింద మూడు సన్నని ధమనుల్ని పట్టుకుంటుంది. స్పర్శ తగ్గిపోతుంది కాబట్టి నొప్పే లేకుండా, మానని పుండుతోనో నల్లబడ్డ వేలితోనో బయటపడొచ్చు. నాకు ఎక్కువ భయం వీళ్ల గురించే.

హోస్ట్: మరి పట్టుకోవడం ఎలా?

డాక్టర్: సాక్సు తీయించి నాడి చూడాలి. పాదం పైన, కాలి బొటనవేలు పైకెత్తితే తాడులా లేచే స్నాయువుకి బయటి పక్కన ఒకటి, లోపలి చీలమండ వెనక ఒకటి. వేళ్లు తేలిగ్గా ఆనించాలి, గట్టిగా నొక్కితే మన వేలి నాడే మనకి తగులుతుంది. పైనున్నది కొందరికి పుట్టుకతోనే అందదు, అందుకే రెండూ చూడాలి. తర్వాత ఏబీఐ, అంటే చీలమండ బీపీని చేతి బీపీతో పోల్చే పరీక్ష. చేతి బీపీ 140, చీలమండ దగ్గర 84 అనుకోండి, 84ని 140తో భాగిస్తే 0.6. 0.9, అంతకన్నా తక్కువైతే జబ్బు ఉన్నట్టే. కానీ షుగర్‌లో ధమని గోడకి కాల్షియం పట్టి బీపీ పట్టీకి నొక్కుకోదు, ఏబీఐ 1.4 దాటిపోవచ్చు. అది చూసి బాగుందనుకోకూడదు, కాలి బొటనవేలి ప్రెజర్ కొలవాలి. 30 కన్నా తక్కువుంటే పుండు మానడం కష్టం.

హోస్ట్: నొప్పి ఉంటే నడక మానేయాలా?

డాక్టర్: పుండు లేకపోతే, డాక్టరు సరేనంటే, నడకే మందు. నొప్పి ఓ మోస్తరుగా వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ. అరగంటకి తగ్గకుండా, వారానికి 3 సార్లు, కనీసం 12 వారాలు. పొగ పూర్తిగా మానాలి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం పలచబడే మాత్ర డాక్టరు రాస్తారు.

హోస్ట్: పాదం చల్లగా ఉందని వేడినీళ్ల సంచి పెడుతుంటారే?

డాక్టర్: వద్దే వద్దు. స్పర్శ లేని పాదం కాలినా తెలియదు, రక్తం అందక ఆ బొబ్బ మానదు. కాలు ఉన్నట్టుండి తెల్లబడి, చల్లబడి, మొద్దుబారితే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. చేతిలో ఉండేది 6 గంటలే, రక్తనాళాల సర్జన్ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లాలి.