అయ్యా, మీ కథ అందినది

[దృశ్యం: చెక్కపెట్టె మూత తెరుచుకుంటుంది. బట్టల అడుగున నోటుబుక్కు, దాని నడుమ ఒక పోస్టుకార్డు. వేలు ఒక మాట దగ్గర ఆగుతుంది.]

ఈ కార్డు చూడుండ్రి. అంచులు పండిపోయినయి, నీలి సిరా అక్కడక్కడ అలికింది. పోస్టాఫీసు ముద్రల 1973 అని ఇంకా కనవడ్తనే ఉన్నది. కాజీపేట రైల్వే క్వార్టర్లకు వచ్చిన కార్డు ఇది. ఒక వారపత్రిక సంపాదకులు రాసిన్రు. చదువుత:

"అయ్యా, మీ కథ అందినది. త్వరలో ప్రచురించగలము. మీ ఫోటో, మీ గురించి నాలుగు వాక్యాలు వెంటనే పంపగలరు."

ఆ 'అయ్యా' మా పెద్దమ్మ.

తన పేరుల మొదటి అక్షరం అట్లనే ఉంచింది. ఇంటిపేరు అట్లనే ఉంచింది. చివర్ల 'రావు' తగిలించింది. పోస్టుమాన్ వచ్చి రావుగారికి ఉత్తరం అంటే, వాడకట్టంత మా పెదనాయనకే అనుకునేటోళ్లు.

"మరి పెదనాయనకు తెల్వదా?" అని అడిగిన.

"ఎందుకు తెల్వదు? కాయితాలు తెచ్చిచ్చిందే ఆయన. వాడకట్టుకు తెల్వద్దని పెట్టుకున్న" అన్నది. "ఆ కథల మొగడు తాగొచ్చి పెండ్లాన్ని కొడ్తడు. ఆడపేరు పెడితే నా కథనే రాసుకున్ననంటరు. మీ పెదనాయన పుట్టి బుద్ధెరిగి సుక్క ముట్టలే. ఆయన బయట మొకమెట్ల ఎత్తుకోవాలె?"

మొగోడు రాస్తే కథ అంటరు, ఆడది రాస్తే సంసారం బయటపెట్టిందంటరు. 1973ల కాజీపేటల మా పెద్దమ్మకు ఉన్న భయం ఇదే.

[దృశ్యం: పోస్టుకార్డు మీద "మీ ఫోటో" అన్న మాటలు పెద్దగా.]

మగపేరుతోని రాసిన ఆడవాళ్లు లోకమంత ఉన్నరు. పేరెందుకు దాచుకున్నరో మీకు ఈపాటికి అర్థమయే ఉంటది. నన్ను వదలకుండ పట్టుకున్న ప్రశ్న ఇంకోటి. 'నీ మొకం చూపియ్యి' అని ఎవరో ఒకరు అడిగే రోజు వస్తది గద, ఆ రోజు ఏమైంది?

[దృశ్యం: ఇంగ్లండు పటం. యార్క్‌షైర్‌లో హావర్త్ అనే ఊరు.]

ముందుగాల హావర్త్ పోదాం. ఓ చర్చి ఫాదర్ ఇంట్ల ముగ్గురు అక్కచెల్లెండ్లు: షార్లెట్, ఎమిలీ, ఆన్ బ్రాంటీ. షార్లెట్ ఇరవై ఏండ్లప్పుడు తన పద్యాలను రాబర్ట్ సదీ అనే పెద్ద కవికి పంపింది. 1837ల ఆయన జవాబు రాసిండు. సాహిత్యం ఆడదాని జీవితానికి పని కాలేదు, కావద్దు గూడ అని దాని సారాంశం. ఆయన అప్పుడు ఇంగ్లండుకు ఆస్థానకవి.

తొమ్మిదేండ్ల తర్వాత, 1846ల, ముగ్గురు కలిసి సొంత పైసలతోని ఒక కవితల పుస్తకం అచ్చేయించిన్రు. అట్ట మీద పేర్లు కర్రర్ బెల్, ఎల్లిస్ బెల్, యాక్టన్ బెల్. జాగ్రత్తగ వినుండ్రి: షార్లెట్‌కు కర్రర్, ఎమిలీకి ఎల్లిస్, ఆన్‌కు యాక్టన్. ఇంగ్లీషు స్పెల్లింగుల ఎవరి మొదటి అక్షరం వాళ్ల దగ్గరనే ఉన్నది. కాజీపేటల మా పెద్దమ్మ చేసింది గూడ ఇదే పని. బ్రాంటీల పేరు ఆమె ఎన్నడు వినలే. పేరును పూర్తిగ పారేసుకునుడు ఎవరికీ మనసొప్పదు.

ఆ పుస్తకం ఏడాదిల రెండంటె రెండే కాపీలు అమ్ముడుపోయినయి. అయినా ఆగలే. మరుసటేడు, 1847ల, కర్రర్ బెల్ పేరు మీద 'జేన్ అయిర్', ఎల్లిస్ పేరు మీద 'వదరింగ్ హైట్స్', యాక్టన్ పేరు మీద 'ఆగ్నెస్ గ్రే' వచ్చినయి. 'జేన్ అయిర్' కోసం జనం ఎగబడ్డరు. ఇగ మొదలైంది గుసగుస. ఈ బెల్లులు ముగ్గురా, ఒక్కరేనా? మొగోళ్లా, ఆడోళ్లా? ముగ్గురు ఒక్కరేనన్న మాట అమెరికా దాక పోయి, షార్లెట్ పబ్లిషర్ మెడకు చుట్టుకున్నది. తమను మోసం చేస్తున్నరా అని వాళ్లకు అనుమానం.

[దృశ్యం: రాత్రిపూట రైలు. తర్వాత లండన్ వీధిలో ఒక పుస్తకాల దుకాణం.]

1848 జూలైల షార్లెట్, ఆన్ రాత్రి రైలెక్కి లండన్ పోయిన్రు. ఎమిలీ రాలే, ఆమెకు బయటపడుడు ఇష్టం లేదు. పబ్లిషర్ జార్జ్ స్మిత్ బయటికొచ్చిండు. షార్లెట్ ఏం మాట్లాడకుండ ఆయన చేతుల ఒక ఉత్తరం పెట్టింది. కర్రర్ బెల్ పేరు మీద ఆయన పంపిన ఉత్తరమే అది. ఆయన ఉత్తరాన్ని చూసిండు, ఈమెను చూసిండు, మళ్ల ఉత్తరాన్ని చూసిండు. ఆయన అయోమయం చూసి తనకు నవ్వొచ్చిందని షార్లెట్ తర్వాత దోస్తుకు రాసుకున్నది.

నాకు ఆ ఘట్టం ఎన్నిసార్లు చదివినా తనివి తీరది. చేతుల ఉత్తరం ఉన్నది గాబట్టి నమ్మిండు. ఉత్తరం లేకుంటే?

అదే ఏడాది డిసెంబరుల ఎలిజబెత్ రిగ్బీ అనే విమర్శకురాలు 'జేన్ అయిర్' మీద రాసింది. దీన్ని రాసింది ఆడదే అయితే, ఏదో బలమైన కారణం మీద తోటి ఆడవాళ్ల సాంగత్యానికి ఎప్పుడో దూరమైన మనిషి అయి ఉంటదని తేల్చింది. ఆడవాళ్ల మీద ఆడామె వేసిన తూటా. మా పెద్దమ్మ వాడకట్టు భయం యాదికొస్తున్నది గద. ఆన్ మాత్రం తన రెండో నవలకు ముందుమాట రాస్తూ మొకం మీదనే అడిగింది: మొగోడు రాస్తే తప్పు గానిది ఆడది రాస్తే ఎందుకు తప్పు పడ్తరు? ఇది గూడ 1848 మాటనే. ఆ డిసెంబరుల ఎమిలీ పోయింది, మరుసటేడు మే నెలల ఆన్ పోయింది. ముగ్గురి అసలు పేర్లు 1850ల షార్లెట్ ఒక్కతే కూసొని లోకానికి చెప్పింది.

[దృశ్యం: రెండు అట్టలు పక్కపక్కన.]

ఇంకో ఇద్దరి మాట జల్ది చెప్త. జార్జ్ ఎలియట్ అంటే మేరీ ఆన్ ఇవాన్స్. 1859ల 'ఆడమ్ బీడ్' పెద్ద పేరు తెచ్చుకున్నది. ఆమె మొకం ఎవరికీ తెల్వదు గాబట్టి, లిగిన్స్ అనే ఆయనే అసలు రచయిత అని ప్రచారం లేసింది, ఆయన కాదనలే. చివరికి ఆమె బయటపడక తప్పలే. రెండో ఆమె అమెరికాల ఆలిస్ షెల్డన్. 1967ల దుకాణంల ఒక జామ్ సీసా మీద చూసిన టిప్‌ట్రీ అనే పేరును తీసుకొని సైన్స్ ఫిక్షన్ రాసింది. ఈ రాత మొగోనిదే, అనుమానమే లేదు అని ఒక పేరున్న రచయిత ఆమె పుస్తకానికి ముందుమాటనే రాసిండు. తల్లి చనిపోయినప్పుడు ఉత్తరాలల్ల చెప్పుకున్న దుఃఖం ఆమెను పట్టిచ్చింది. పేపర్ల వచ్చిన చావు వార్తతోని సరిచూసి, పాఠకులు ఆచూకీ తీసిన్రు.

[దృశ్యం: ఖిల్లా వరంగల్. కీర్తితోరణాల నడుమ నుంచి కెమెరా నడుస్తుంది.]

ఇప్పుడు మన ఖిల్లాకు రాండ్రి. ఇది కలంపేరు ముచ్చట గాదు, గద్దె ముచ్చట. అయినా ఈ తోరణాల కింద నిలవడితే చెప్పకుండ ఉండలేను.

గణపతిదేవునికి కొడుకుల్లేరు. బిడ్డకు మగపేరు పెట్టి, మగ వేషంల రాజ్యం అప్పజెప్పిండు. ఎన్నో శాసనాలల్ల ఆమె రుద్రమదేవి గాదు, 'రుద్రదేవ మహారాజు'. రాయి మీద చెక్కిన మగపేరు. బ్రాంటీల కంటె దాదాపు ఆరు వందల ఏండ్ల ముందటిది.

[దృశ్యం: కోటలోని శిల్పం. సింహం మీద కూర్చున్న స్త్రీ. చేతుల్లో బాకు, డాలు.]

కని ఈ శిల్పం చూడుండ్రి. సింహం మీద ఆడమనిషి. ఒక చేత్ల బాకు, ఇంకో చేత్ల డాలు. చరిత్రకారులు రుద్రమ అని గుర్తుపట్టిన బొమ్మ ఇది. అక్షరాలల్ల మహారాజు, బొమ్మల ఆడబిడ్డ. మొకం చూపియ్యమని ఎవరూ అడగకముందే ఆమె రాతిల చూపించింది.

వరంగల్ల కవయిత్రి అనిశెట్టి రజిత పుస్తకాలు అచ్చేసిన సంస్థకు రుద్రమ ప్రచురణలు అని పేరు పెట్టుకున్నరు. రుద్రదేవ అని గాదు.

[దృశ్యం: పాత వారపత్రికల బైండు పుస్తకాలు. హన్మకొండలోని రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం బయటి గోడ.]

1904ల పుట్టిన ఈ గ్రంథాలయం అసొంటి చోట్ల పాత బైండ్లు తిరగేస్తే ఇంకో వింత కనవడ్తది. తెలుగుల ఆడపేరు పెట్టుకున్న మొగోళ్లు ఉన్నరు! తెనాలిల హోటల్ల సర్వరుగ బతికిన నటరాజన్ 'శారద' అనే పేరుతోని రాసిండు. 'పురాణం సీత' పేరు మీద 'ఇల్లాలి ముచ్చట్లు' రాసింది పురాణం సుబ్రహ్మణ్య శర్మ. మనోళ్లు సొంతం చేసుకున్న బెంగాలీ రచయిత శరత్ గూడ తన అక్క అనిలాదేవి పేరుతోని 'నారీర్ మూల్య' రాసిండు. 'బీనాదేవి' అయితే మొగడు పెండ్లాం ఇద్దరు కలిసి పెట్టుకున్న పేరు.

అరవై, డెబ్బై దశకాలల్ల రచయిత్రుల సీరియల్సే వారపత్రికలను నడిపినయి. పెండ్లిళ్ల బస్సుల గూడ యద్దనపూడి నవలలు చేతులు మారిన రోజులవి. ఆడపేరుకు గిరాకీ వచ్చింది, కొందరు మొగోళ్లు ఆ పేర్లు తీసుకున్నరు. ఇద్దరిదీ ఒకటే లెక్క అని మాత్రం నేననను. శర్మగారే సీత అని తెలిసినంక ఆయనకు పోయిందేమీ లేదు, ఎంత మంచిగ రాసిండని మెచ్చుకున్నరు. మా పెద్దమ్మ బయటపడితే వాడకట్టుల తలెత్తుకునుడు మొగనికి కష్టమయ్యేది. పత్రికల మీద ఆడపేర్లు వెలిగిపోతున్న అదే కాలంల, ఆమె 'రావు' వెనక నిలవడ్డది.

ఇంకోటి గూడ దాచింది. యాస. ఇంట్ల నాతోని 'గట్లనే', 'యాడికి' అని మాట్లాడే మనిషి, కథల 'అలాగే', 'ఎక్కడికి' అని రాసింది. యాసల రాస్తే అచ్చు కాదని ఆమెకు ఎవరూ చెప్పలే, ఎరుకే. తెలంగాణల కవులే లేరన్న మాట 1934 నాడే వచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి 354 మందితోని 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి జవాబు చెప్పిండు. ఆ మాట నలభై ఏండ్లకు గూడ ఈ క్వార్టర్ల గోడల దాక చేరి ఉన్నది.

[దృశ్యం: పత్రిక పేజీ. పై భాగంలో పక్క కథ రచయిత గుండ్రటి ఫోటో. ఈ కథకు ఫోటో లేదు.]

ఇగో, కథ అచ్చయిన పేజీ. పక్క కథకు గుండ్రంగ ఫోటో ఉన్నది, దీనికి లేదు. పెద్దమ్మ ఫోటో పంపలే. ఎవరిది పంపుతది? ఆ నాలుగు వాక్యాలు గూడ రాయలే. మళ్ల ఆ పత్రికకు ఏదీ పంపలే. "ఫోటో అడిగిన్రు గద బిడ్డా" అన్నది, అంతే. నోటుబుక్కుల ఇంకా ఆరు కథలున్నయి. చివరిది సగంల ఆగింది. షార్లెట్‌కు ఎక్కేందుకు ఒక రైలున్నది. పెద్దమ్మ ఇంటి ముందటి నుంచి రోజుకు ఎన్ని బండ్లు పోయేవో.

[దృశ్యం: ముడతలుపడ్డ చేతులు నోటుబుక్కు తెరుస్తాయి. ముఖం కనిపించదు.]

వీడియోల ఆమె పేరు చెప్తనన్న. వద్దన్నది. మొకం గూడ వద్దన్నది. ఇప్పుడు పెదనాయన లేడు, ఆ వాడకట్టు లేదు, అయినా వద్దన్నది. "పేరెందుకు, కథ చదువు" అని నోటుబుక్కు నా చేతికిచ్చింది. మొదటి పేజీ, మొదటి వాక్యం, ఆమె రాసింది రాసినట్టే చదువుతున్న:

"బొగ్గు బండి వెళ్ళిపోయాక కూడా గోడకున్న అద్దం చాలాసేపు వణుకుతూనే ఉంది."