అమ్ముదామంటే కొనేవాడు లేడు
(పెన్షనర్స్ డే సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ముఖ్యంగా ఇంత ఎండలో మెట్లెక్కి పైకొచ్చిన అక్కలకూ అన్నలకూ నమస్కారం. ఇవాళ డిసెంబర్ 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ అనేది ఎవరి దయా కాదు, మన హక్కు అని చెప్పింది. దాని గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడున్నారు. నాకిచ్చిన అంశం 'విశ్రాంత జీవితంలో పొదుపు'. రాత్రి కూర్చుని నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా. అవి పక్కన పెడుతున్నాను. హక్కుగా వచ్చిన ఆ డబ్బు ఎక్కడికి పోతోందో చెప్పకుండా పొదుపు గురించి మాట్లాడలేను.

ఒక్క మాట అడుగుతాను. 'ఇథనాల్ షేరు, ఆరు రూపాయలే, ఆరు నెలల్లో అరవై' అంటూ మీలో ఎంతమందికి మెసేజ్ వచ్చింది? చేతులెత్తండి. చూశారా, సగం మంది ఉన్నారు.

నేను ముప్ఫై ఒక్క ఏళ్లు చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేశాను. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌ను తీసే మొలాసిస్, అదే చక్కెర తీశాక మిగిలే మడ్డి, దాని వాసన నాకు అన్నం వాసనంత అలవాటు. కాబట్టి జీవ ఇంధనం అంటే మోసం అని నేను అనను, అననివ్వను కూడా. పెట్రోల్‌లో ఇథనాల్ 2022 జూన్‌కి పది శాతానికి చేరింది, 2025లో ఇరవైకి చేరింది. టన్ను చెరకు పిండిన రసం నుంచి నేరుగా తీస్తే డెబ్భై లీటర్ల దాకా వస్తుంది. ఇది నిజమైన పరిశ్రమ, నిజమైన సరుకు. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే అబద్ధం అమ్ముతున్నారు, నా బాధంతా అదే.

మా బావ, అంటే మా అక్క భర్త, హెడ్‌మాస్టరుగా రిటైరయ్యాడు. జీవితంలో చిట్టీ కూడా కట్టని మనిషి. 2023 వేసవిలో ఎవరో ఆయన్ని ఒక ఫోన్ గ్రూపులో చేర్చారు. ఒక కంపెనీ, పేరు చెప్పను, ఒకప్పుడు బట్టల వ్యాపారం చేసేదట, ఇప్పుడు పేరులో 'బయో' చేరింది. షేరు నాలుగు రూపాయలు. రోజూ ఐదు శాతం పెరుగుతోంది. దాన్ని అప్పర్ సర్క్యూట్ అంటారు. ఆ రోజుకి ఎక్స్చేంజీ పెట్టిన పై గీతను తాకిందంటే కొనేవాళ్లే ఉంటారు, అమ్మేవాళ్లుండరు. బావ రోజూ ఆర్డర్ పెడతాడు, షేర్లు రావు. చివరికి ఆరు రూపాయల దగ్గర ఐదు వేల షేర్లు దొరికాయి. మనిషికి ఆశ పుట్టింది. పది దాటాక ఒక రోజు పొద్దున్నే చూస్తే అడిగినన్ని దొరుకుతున్నాయి. యాభై వేల షేర్లు పదిన్నరకు కొన్నాడు. మొత్తం ఐదు లక్షల యాభై ఐదు వేలు.

అయ్యా, ఇక్కడ కాస్త ఆగి వినండి. నెలరోజులు దొరకని షేరు ఆ రోజు అడిగినంత ఎందుకు దొరికింది? అన్నాళ్లూ పట్టుకుని కూర్చున్నవాళ్లు ఆ రోజు అమ్మడం మొదలుపెట్టారు కాబట్టి. కొనుక్కున్నది మా బావలాంటి వాళ్లు. అది ఆయనకు తర్వాతెప్పుడో అర్థమైంది. నాక్కూడా తర్వాతే.

అదే ఏడాది జులైలో భారత ఆహార సంస్థ గోదాముల నుంచి ఇథనాల్‌కి ఇచ్చే బియ్యం కేంద్రం ఆపేసింది. దీని లెక్క చెప్పకపోతే నా ఉద్యోగానికి అర్థం లేదు. టన్ను బియ్యానికి దాదాపు 450 లీటర్లు వస్తుంది, అంటే లీటరుకి రెండుంపావు కిలోల బియ్యం. కిలో 20 రూపాయలకు ఇస్తున్నప్పుడు లీటరుకి బియ్యం ఖర్చే 44, 45 రూపాయలు. ఆ ఇథనాల్‌ను అప్పట్లో ఆయిల్ కంపెనీలు కొన్న ధర 58 రూపాయల 50 పైసలు. మిగిలిన ఆ పధ్నాలుగులోనే ఆవిరి, కరెంటు, ఎంజైములు, జీతాలు, బ్యాంకు వడ్డీ. పిప్పి దాణాగా అమ్మితే కొంత వస్తుంది. అదే బియ్యం బయట 28కి కొనుక్కుంటే లీటరుకి 62 పడుతుంది, బాయిలర్ వెలిగించకముందే నష్టం. సరుకు అమ్మే ధర ఢిల్లీలో తేలుతుంది, ముడిసరుకు ధరా చాలావరకు అక్కడే తేలుతుంది. అదే ఏడాది డిసెంబర్ 7న ఇథనాల్‌కి చెరకు రసం వాడొద్దన్నారు, వారం దాటగానే కొంత సడలించారు. వద్దన్న రోజు పెద్ద మిల్లుల షేర్లే కుదేలయ్యాయి. అలాంటి వ్యాపారంలో నాలుగు రూపాయల కంపెనీ ఏ బలంతో నిలబడుతుంది?

అసలు బావ కొన్న కంపెనీకి బియ్యం వచ్చినా ఆగినా ఒకటే. దానికి ప్లాంటే లేదు. ఆ సంగతి మాకు అప్పటికి తెలియదు. బియ్యం వార్త వచ్చిన మూడో రోజు నుంచి లోయర్ సర్క్యూట్, అంటే రోజూ కింది గీత దాకా పడటమే. గ్రూపులో 'ఇది తాత్కాలికం, యావరేజ్ చేయండి' అన్నారు, అంటే తగ్గిన ధరకు ఇంకా కొనమని. పదకొండు రూపాయల షేరు రోజుకి ఐదు శాతం చొప్పున పడితే ఇరవై రోజులకు నాలుగు లోపు, నలభై రోజులకు రూపాయి నలభై. ఈసారి అమ్మేవాళ్లే, కొనేవాళ్లు లేరు. పొద్దున మార్కెట్ తెరవగానే వరుసలో ముందుండాలని బావ రాత్రే ఆర్డర్ పెట్టేవాడు. తెల్లారి స్నానం కూడా చేయకుండా ఫోన్ ముందు కూర్చునేవాడు. మూడున్నరకు ఆర్డర్ దానంతటదే రద్దయ్యేది, మళ్లీ పెట్టేవాడు. రెండు నెలలు అలా జరిగింది. అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది. డబ్బు పోయిందని కాదు, ఈయన ఎవరితోనూ మాట్లాడటం లేదు తమ్ముడూ అని.

ఇద్దరం బస్సెక్కి ఆ ప్లాంటు చూడ్డానికి వెళ్లాం. పక్క రాష్ట్రం, రాత్రంతా ప్రయాణం. అడ్రసు దగ్గర ఒక ప్రహరీ, తుప్పు పట్టిన గేటు, లోపల రెండు పునాది గుంతలు. వాచ్‌మన్ ఉన్నాడు. ఐదు నెలలుగా నాకే జీతం రాలేదయ్యా, మీరు ఎవరికి చెప్పి నాకిప్పిస్తారు అని మమ్మల్నే అడిగాడు. బావ జేబులోంచి రెండు వందలు తీసి ఇచ్చాడు. ప్రహరీ వెంట కంచెగా అడవి ఆముదం మొక్కలున్నాయి. అవి చూడగానే నా గుండె జారిపోయింది.

మా నాన్న 2006లో మూడెకరాల మెట్ట మీద అదే మొక్క పెట్టాడు. అప్పుడు దాన్ని జట్రోఫా అనేవాళ్లు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ, దీని గింజల నూనెతో చేసే బయోడీజిల్‌ను 2011-12 కల్లా డీజిల్‌లో ఇరవై శాతం కలుపుదాం అంది. నీళ్లక్కర్లేదు, పశువులు ముట్టవు, గింజ మేమే కొంటాం అని ఏజెంట్లు ఊరూరా తిరిగారు. వేరుశనగ వేసే చేను దానికిచ్చాడు. నీళ్లు లేకపోతే కాయ లేదు, ఉన్న కాయ కోయడానికి కూలి గిట్టలేదు, కొంటామన్నవాళ్లు తిరిగి రాలేదు. గింజల మూటలు పశువుల కొట్టంలో పురుగు పట్టిపోయాయి. ఇప్పటికీ డీజిల్‌లో బయోడీజిల్ ఒక్క శాతం కూడా కలవడం లేదు. లండన్ మార్కెట్లో డీ1 ఆయిల్స్ అనే కంపెనీ ఇదే మొక్కను నమ్ముకుని 2004లో షేర్లమ్మింది, మన ఈశాన్య రాష్ట్రాల్లో కూడా మొక్కలు పెట్టించింది. బీపీ అంతటి సంస్థ 2007లో భాగస్వామిగా చేరి 2009లో వెళ్లిపోయింది. పౌండ్లలో మొదలైన షేరు పెన్నీల్లోకి దిగింది. అంటే మా నాన్నా, లండన్‌లో పెన్షన్ డబ్బు పెట్టిన ఎవరో పెద్దాయనా ఒకే మొక్క వల్ల నష్టపోయారు!

టైమయిందని అధ్యక్షులు చీటీ పంపారు. రెండు నిమిషాలివ్వండి.

కంపెనీ పేరు మార్చుకుందంటే అడగండి. కొత్త పేరు చెప్పే వ్యాపారం నుంచి గత ఏడాది ఆదాయంలో కనీసం సగం వచ్చి ఉంటేనో, లేదా ఆస్తుల్లో కనీసం సగం అందులో పెట్టి ఉంటేనో అలా మార్చాలని, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నియమం ఉంది. ఎక్స్చేంజీ వెబ్‌సైట్లో మూడు నెలలకోసారి వాటాల లెక్క పెడతారు. బావ షేర్లు కొన్న కంపెనీలో ప్రమోటర్ల వాటా, అంటే కంపెనీ యజమానుల వాటా, ఏడాదిలో 48 శాతం నుంచి 11కి పడిపోయింది. ఆ పేజీ కొనే ముందు రోజు ఎవరైనా ఆయనకు చూపించి ఉంటే! సలహా ఇచ్చేవాడిని ఐఎన్‌ఏతోనో ఐఎన్‌హెచ్‌తోనో మొదలయ్యే సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, చెప్పకపోతే ఫోన్ పెట్టేయండి. దయచేసి, దండం పెట్టి అడుగుతున్నాను, గ్రాట్యుటీ డబ్బు ఇలాంటి షేర్లలో పెట్టకండి.

బావ ఇక్కడే రెండో వరుసలో ఉన్నాడు. ఇదంతా చెప్పమని తనే అన్నాడు, పేరు చెప్పినా ఫర్వాలేదన్నాడు, నేనే చెప్పలేదు. రేపు ఉదయం పది గంటల నుంచి సంఘం ఆఫీసులో ఇద్దరం కూర్చుంటాం. మీ దగ్గర అలాంటి షేరుంటే ఫోన్ తీసుకుని రండి, వాటాల లెక్క కలిసి చూద్దాం, స్కోర్స్ అనే సెబీ వెబ్‌సైట్లో ఫిర్యాదు పెట్టాలంటే అక్కడే పెడదాం. ఎంత పోయిందో నాతో చెప్పడానికి మొహమాటంగా ఉంటే, బావతో విడిగా మాట్లాడండి. ఆయన కోసం లోపలి గది ఖాళీ చేయించాను.