మాంటగొమరీ క్లిఫ్ట్ బ్లూ-రే సెట్: డిస్కులు ఓకే, అట్టే మంట పెట్టింది!

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, పాత హాలీవుడ్ హీరో మాంటగొమరీ క్లిఫ్ట్ సినిమాల ఈ సెట్ ఒక షాపువాళ్లు ఫ్రీగా పంపారు. ఎన్ని డిస్కులు, ప్రింట్ ఎలా ఉంది అనేవి మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను.

నాకు ఒళ్లు మండింది అట్ట వెనకాల చూసి. "యాక్సిడెంట్‌కి ముందు, తర్వాత: తేడా మీరే చూడండి" అట! 1956 మే 12 రాత్రి నటి ఎలిజబెత్ టేలర్ ఇంట్లో విందు నుంచి వస్తూ క్లిఫ్ట్ కారుతో స్తంభాన్ని గుద్దేశాడు, ముఖం దెబ్బతింది. టేలరే పరుగెత్తుకొచ్చి ఊడి గొంతులో ఇరుక్కున్న అతని పళ్లు తీసింది. అప్పటికి 'రెయిన్‌ట్రీ కౌంటీ' షూటింగ్ మధ్యలో ఉంది. కోలుకుని మళ్లీ వచ్చి పూర్తి చేశాడు. 1957లో సినిమా వస్తే, ఏ షాట్ ముందుది, ఏది తర్వాతది అని జనం వెతుక్కున్నారు. ఇన్నేళ్లకి మళ్లీ అదే ఆటా?

సరే, నేనూ వెతికాను. పాత డీవీడీలో పాజ్ చేసి మరీ. మా ఆవిడ "సినిమా చూస్తున్నారా, ఎక్స్‌రే చూస్తున్నారా?" అంది. సిగ్గేసింది.

'రెడ్ రివర్' బావుంటుంది, జాన్ వేన్ ఎదురుగా ఉన్నా బెదరడు. నేను మాత్రం మూడుసార్లు పెట్టుకున్నది 1961 నాటి 'జడ్జిమెంట్ ఎట్ న్యూరెంబర్గ్' డిస్కే. మూడు గంటల సినిమాలో ఇతనిది ఒకే ఒక్క పెద్ద సీన్, దానికి పారితోషికం కూడా తీసుకోలేదు. నాజీలు బలవంతంగా ఆపరేషన్ చేసి పిల్లలు పుట్టకుండా చేసిన మనిషి, కోర్టులో సాక్షి. డైలాగులు గుర్తుండక ఇబ్బంది పడుతుంటే దర్శకుడు స్టాన్లీ క్రామర్, అవి వదిలేసి తోచినట్టు చెప్పమన్నాడు. చూడండి ఆ సీన్. వాళ్లమ్మ ఫోటో పైకెత్తి, ఈవిడకి మతి లేదా అని అడుగుతాడు. ఆ తడబాటు పాత్రదో, మనిషిదో... నాకైతే తెలీలేదు. దానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది, నాలుగోది. ఆస్కార్ మాత్రం ఒక్కసారీ రాలేదు. 1966లో పోయాడు, 45 ఏళ్లకే.

కొనండి. కళ్లు మూసుకుని కొనండి. అదుగో, నా వెనక షెల్ఫ్‌లో బ్రౌన్ పేపర్ చుట్టింది కనిపిస్తోందా? అదే ఈ సెట్. మా పిల్లాడి నోటుబుక్కులకి తెచ్చిన దాంట్లో మిగిలితే అట్ట వేసేశాను.