బోరు నీళ్ల ఇంట్లో చిన్న రిపేర్లు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంత మంది కిందికి దిగి వచ్చారంటే మన బ్లాకులో ట్యాపుల పరిస్థితి ఎలా ఉందో అర్థమవుతోంది.

వాట్సాప్‌లో రోజూ తిరిగే చిట్కాతోనే మొదలుపెడతాను. వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే ఏ మరకైనా పోతుందంటారు. బుసబుసా నురగ వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఒకటి క్షారం, ఇంకొకటి ఆమ్లం. కలిసిన కాసేపటికే ఒకదాని బలం ఒకటి లాగేసుకుంటాయి. చివరికి మిగిలేవి పెద్దగా పనికిరాని ఉప్పునీళ్లు. విడివిడిగా వాడితే రెండూ మంచివే. జిడ్డుకి సోడా, తెల్ల మరకకి వెనిగర్. అది జిడ్డా, తెల్ల మరకా అన్నది ముందు చూసుకోవాలి, అంతే.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది తెల్ల మరకే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే ఇవి కరిగి ఉన్న మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 దాకా సర్దుకోవచ్చు. ఈ నీళ్లు వేడెక్కిన చోట, ఆరిపోయిన చోట కాల్షియం పొరలా గట్టిపడుతుంది. గీజర్ రాడ్డు మీద, షవర్ రంధ్రాల్లో, ట్యాప్ మూతి దగ్గర పేరుకునేది ఇదే. ఇది సున్నపురాయిలో ఉండే పదార్థమే కాబట్టి సబ్బుతో ఎంత రుద్దినా కదలదు, పులుపుకి కరుగుతుంది.

వంటింటి ట్యాప్‌లో ధార సన్నబడిందా? మోటారునో ట్యాంకునో తిట్టుకునే ముందు ట్యాప్ మూతిని చూడండి. చివర చిన్న జాలీ ఉంటుంది. గుడ్డ చుట్టి చేత్తోనే తిప్పితే చాలాసార్లు ఊడి వస్తుంది. పట్టకారు నేరుగా వేస్తే మెరుపు పోతుంది. విప్పాక లోపలి రింగు, జాలీ ఏ వరుసలో ఉన్నాయో ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. ఇసుక రేణువులు ఉంటే దులిపేయండి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఒక చెంచా గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో కలిపి, అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమితే చాలు. రాత్రంతా వదిలేయకండి, పై పూత దెబ్బతింటుంది. షవర్ ఊడి రాకపోతే ఆ నీళ్లే పాలిథిన్ కవర్లో పోసి, షవర్ మునిగేలా రబ్బరుబ్యాండుతో కట్టండి.

ఒక జాగ్రత్త. ఇదే పులుపు మార్బుల్ గచ్చు మీద పడితే దాన్నీ తినేస్తుంది, ఎందుకంటే మార్బుల్ కూడా కాల్షియం కార్బొనేటే. ఇక బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు వేసి ఉన్న చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

కారే ట్యాప్ సంగతి. సెకనుకి ఒక చుక్క పడితే రోజుకి 86,400 చుక్కలు, అంటే దాదాపు 20 లీటర్లు. పాత రకం ట్యాప్ అయితే చాలావరకు లోపలి వాషర్ అరిగినట్టే, మార్చుకుంటే సరి. ఫ్లష్ ట్యాంకు కారితే చప్పుడు కూడా ఉండదు. ట్యాంకులో బట్టల నీలిమందు నాలుగు చుక్కలు వేసి, అరగంట ఎవరూ ఫ్లష్ చెయ్యకుండా చూడండి. కమోడ్‌లో నీలం కనిపిస్తే ట్యాంకు అడుగు వాషర్ పోయినట్టు.

పండక్కి ఊరెళ్లి వచ్చేసరికి బాత్రూమ్ కంపు కొడుతుందని చాలామంది ఫినాయిల్ కుమ్మరిస్తారు. నేల మీది జాలీ కింద నహానీ ట్రాప్ ఉంటుంది. అందులో నిలిచే నీళ్లే డ్రైనేజీ వాసనని ఆపుతాయి. వాడకం లేక అవి ఆరిపోతే వాసనా, బొద్దింకలూ పైకొస్తాయి. రెండు మగ్గుల నీళ్లు పోస్తే సరిపోయేదానికి ఫినాయిల్ ఎందుకండీ?

నీళ్లు కాకుండా ఇంకొక్కటి, ఫ్యాన్. స్విచ్ వేస్తే మూలుగుతూ తిరగక, కర్రతో రెక్కని కాస్త తోస్తే అందుకుంటోందంటే కండెన్సర్‌ని, అంటే ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టడానికి ఊపునిచ్చే చిన్న భాగాన్ని, అనుమానించాలి. సీలింగ్ ఫ్యాన్‌కి మామూలుగా 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, పాతదాని మీద రాసి ఉన్న అంకెనే కొనండి. కరెంటు తక్కువ తినే కొత్త బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లకి ఈ లెక్క వర్తించదు. మెయిన్ ఆపినా కండెన్సర్‌లో కరెంటు కాసేపు నిలిచి ఉండొచ్చు కాబట్టి, బిగించే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. లోపం ఏమిటో మీకు ముందే తెలిస్తే మోటారు మొత్తం మార్చాలని ఎవరూ మిమ్మల్ని కంగారు పెట్టలేరు.

ఆ బల్ల మీద రెండు పాత ట్యాపులు, వాషర్లు, పానా పెట్టాను. కుర్చీల్లోంచి లేచి రండి, పిల్లలతోనే ముందు విప్పిద్దాం.