అందుకోవాలంటే వేగం తగ్గించాలి

(నల్గొండలో ఇంటర్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అధ్యాపకులకు నమస్కారం. పిల్లలూ, వ్యోమనౌక కింద ఎందుకు పడదని అడిగితే, పైన భూమి ఆకర్షణ ఉండదు కదా అంటారు చాలామంది. 475 కిలోమీటర్ల ఎత్తులో కూడా ఇక్కడి ఆకర్షణలో 85 శాతం పైనే ఉంటుంది. నౌక పడుతూనే ఉంటుంది. కాకపోతే సెకనుకు 7.6 కిలోమీటర్లు ముందుకు పోతూ, ఆ సెకనులో నాలుగు మీటర్ల చిల్లర కిందికి దిగుతుంది. ఆలోపు గుండ్రటి భూమి కూడా దాదాపు అంతే వంగిపోతుంది, నేల అందదు. ఆ వేగంతో మన నల్గొండ నుంచి హైదరాబాద్‌కి పదమూడు, పద్నాలుగు సెకన్లు చాలు.

అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. ఒకే కక్ష్యలో రెండు నౌకలున్నాయి, వెనకది ముందుదాన్ని కలవాలి. మిర్యాలగూడ రోడ్డు మీదైతే యాక్సిలరేటర్ తొక్కితే సరిపోతుంది. పైన అలా చేస్తే పని చెడుతుంది. వేగం పెంచిన నౌక పై కక్ష్యకు ఎక్కుతుంది. అక్కడ చుట్టు పెద్దది, సగటు వేగం తక్కువ, చివరికి ఇంకా వెనకబడుతుంది. అదే కాస్త బ్రేకు వేస్తే కిందికి దిగి, చిన్న చుట్టులో వేగంగా తిరుగుతూ ముందుదాన్ని సమీపిస్తుంది. సరైన క్షణంలో మళ్లీ ఇంజిన్ మండించి దాని ఎత్తుకు ఎక్కాలి.

1965 జూన్‌లో అమెరికా వ్యోమనౌక జెమిని 4 నడిపిన జేమ్స్ మెక్‌డివిట్‌కు ఇదే ఎదురైంది. తమను మోసుకొచ్చిన రాకెట్ పైభాగం వైపు నౌకను తోశారు. అది దూరమవుతూ పోయింది. ఇంధనం తరిగిపోతుంటే ప్రయత్నం ఆపేశారు. అదే డిసెంబర్ 15న జెమిని 6ఎ కింది కక్ష్య నుంచి వచ్చి జెమిని 7ను అడుగు దూరం దాకా చేరింది. దానికి రాడార్ కూడా ఉంది, నిజమే. నాకు మాత్రం గొప్పగా అనిపించేది ఎప్పుడు ఎంత ఎక్కాలన్న ఆ లెక్కే.

మన ఇస్రో 2024 డిసెంబర్ 30న దాదాపు 220 కిలోల చొప్పున రెండు ఉపగ్రహాలు పంపింది: ఛేజర్, టార్గెట్. డాకింగ్, అంటే రెండూ ఒకదానికొకటి అతుక్కోవడం, రెండుసార్లు వాయిదా పడింది. జనవరి 12న మూడు మీటర్ల దాకా తెచ్చి మళ్లీ వెనక్కి జరిపారు. ఇక్కడ మనకు ఒకటే టెన్షన్! వాళ్లు తొందరపడలేదు, అదే సరైన పని. చివరి అడుగు సెకనుకు సెంటీమీటరు చొప్పున వేయాలి మరి. జనవరి 16న రెండూ కలిశాయి. అమెరికా, రష్యా, చైనా తర్వాత మనమే.

చంద్రయాన్-4 భాగాలు రెండు రాకెట్లలో వెళ్లి పైన ఇలాగే కలవాలి. చంద్రుడి మట్టి తెచ్చేటప్పుడు చంద్రుడి కక్ష్యలోనూ కలవాలి. ఈ లెక్కలు వేసేవాళ్లు ఇంకా చాలామంది కావాలి. మీ ఫిజిక్స్ పుస్తకంలోని గురుత్వాకర్షణ పాఠం తీయండి. 475 కిలోమీటర్ల ఎత్తులో ఒక చుట్టుకు 94 నిమిషాలు వస్తుంది, బోర్డు మీద చేసి చూపిస్తాను. 400 కిలోమీటర్లకు ఎంతో మీరు చెప్పాలి.