బడి భోజనం ఫోటో ఎవరు చూడాలి?

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక రిటైర్డ్ ప్రధానోపాధ్యాయురాలి ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షులు గారికి, సర్పంచి గారికి, గ్రంథాలయ సంస్థ పెద్దలకి, మా బడిలో చదువుకుని ఇప్పుడు నా ఎదురుగా కుర్చీల్లో దర్జాగా కూర్చున్నవాళ్లకి, అందరికీ. వేదిక మీది పేర్లన్నీ వరసగా చదవమని చీటీ ఇచ్చారు. మన ఊళ్లో ఒక్క పేరు తప్పిపోయినా ఏడాది మాటలుండవు. అందుకని చీటీ మడిచి సంచిలో పెట్టేశాను, ఏమీ అనుకోకండి.

"యువత – పుస్తక పఠనం" అని నాకు అంశం ఇచ్చారు. రాసుకొచ్చాను కూడా. కానీ గుమ్మం దగ్గర ఒక తల్లి ఆపి అడిగింది. "మేడమ్ గారండీ, బళ్లో అన్నం ఎలా ఉంటుందో ఒక ఫోటో పంపమంటే టీచరమ్మ గారు భయపడిపోతున్నారండి, ఎందుకండీ?" అంది. ఆ అమ్మాయి మూడో వరసలో కూర్చుంది. ఆవిడకి జవాబు చెప్పకుండా పుస్తకాల గొప్పతనం చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అధ్యక్షులు గారు అనుమతిస్తే అదే మాట్లాడతాను. అనుమతించకపోయినా అదే మాట్లాడతాను లెండి.

ముందు ఒక సంగతి. బళ్లో వండి పెట్టే అన్నం ఏ నాయకుడూ జేబులోంచి తీసి పెట్టింది కాదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చింది, ప్రభుత్వ బడుల్లో పిల్లలకి వండిన భోజనం పెట్టి తీరాలని. అంతకుముందు నెలకి మూడు కిలోల చొప్పున బియ్యం ఇచ్చి పంపేవాళ్లం. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి పొయ్యి వెలిగింది. 2013లో ఆహార భద్రత చట్టంలో ఇది హక్కుగా చేరింది. 2015లో నిబంధనలూ వచ్చాయి. వరసగా మూడు బడి రోజులు గానీ, నెల మొత్తంలో ఐదు రోజులు గానీ భోజనం పెట్టకపోతే బాధ్యులెవరో రాష్ట్రం తేల్చాలి. పెట్టని రోజులకి పిల్లలకి ఆహార భత్యం మరుసటి నెల 15వ తేదీలోగా ఇవ్వాలి. ఈ మాట ఈ హాల్లో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా. తెలియకపోవడం మీ తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు. పథకానికి పేరు మారినప్పుడు మాత్రం అందరికీ తెలుస్తుంది. 2020లో గోరుముద్ద, 2024లో డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం.

సరే, ఫోటో సంగతి. మా ఉద్యోగం చివరి ఏళ్లలో రోజూ భోజనం ఫోటోలు యాప్‌లో పెట్టమన్నారు. మరుగుదొడ్ల ఫోటోలు కూడా. పాఠం ఆపి ఒక చేత్తో సెల్లు, ఇంకో చేత్తో హాజరు పట్టీ పట్టుకుని వంటగదికి, అక్కణ్ణుంచి దొడ్డి వైపుకి పరిగెత్తేవాళ్లం. సిగ్నల్ లేకపోతే గోడెక్కేవాళ్లం. అయినా నేను దాన్ని తిట్టను. పైవాళ్లు చూడాలనుకోవడం మంచిదే. నా గొడవల్లా ఒక్కటే. ఆ ఫోటో అమరావతికి వెళ్తే నివేదిక. అదే ఫోటో వీధి చివర ఉన్న తల్లికి వెళ్తే క్రమశిక్షణ ఉల్లంఘన. అన్నం తినేది ఎవరి పిల్లలండీ?

నా అనుభవం చెప్తాను. పాత పిల్లలు చాలాసార్లు విన్నారు, ఇంకోసారి వినండి.

ఒక వేసవి ముందు మా బడికి గుడ్లు వచ్చాయి. మా వంటావిడ గుడ్లు రాగానే ఉడకబెట్టేది కాదు. ముందు ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు పోసి ఒక్కొక్కటే వదిలేది. మునిగి అడుగున పడుకుంటే తాజా. అడుగునే నిలువుగా నిలబడితే పాతబడింది, ఆ పూటే వాడెయ్యాలి. పైకి తేలితే పెంటలోకి. ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు ఆవిడకి, వాళ్ల అమ్మ చెప్పింది. ఆ రోజు బకెట్ పైన గుడ్లు తెల్లగా పరుచుకున్నాయి. ఒకటి పగలగొట్టింది. లోపల నల్లగా, ఆ వాసనకి ఐదో తరగతి పిల్లలు కిటికీ తలుపులు మూసేశారు.

నేను ఏం చేశాను? యాప్‌లో పెట్టాను. ఫోన్ చేసి చెప్పాను. తర్వాతి విడతలోనూ అవే గుడ్లు. అప్పుడు బకెట్ ఫోటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "ఈ వారం గుడ్లు బాగోలేదు, పెట్టడం లేదు, ఇళ్లలో ఒక గుడ్డు పెట్టండి" అని రాశాను. అంతే. సాయంత్రానికి అది ఒక లోకల్ యూట్యూబ్ ఛానల్లో తేలింది. పైన ఎర్ర అక్షరాల్లో "విషపు గుడ్లు!!" అని, పక్కన నా రిటైర్‌మెంట్ ముందరి మొహం. విషమని నేను అనలేదండీ. కుళ్లిందన్నాను.

మర్నాడు ఒక ఆఫీసు నుంచి మెమో. పేరు చెప్పను, ఇప్పుడక్కడ వేరేవాళ్లున్నారు. అనుమతి లేకుండా ఫోటో ఎందుకు తీశారు, ఎవరికి పంపారు, 1964 ప్రవర్తనా నియమావళి కింద మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదు. పేజీ నిండా ఉంది. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ మళ్లీ చదివాను. అందులో గుడ్డు అనే మాట ఒక్కచోట కూడా లేదు. సంజాయిషీ రాశాను. "దయచేసి ఒక బకెట్ నీళ్లు తెప్పించండి, గుడ్లు నేను తెస్తాను" అని. మా హెడ్ గుమస్తా అది చూసి, "అమ్మా, ఇలా రాయకండి" అని బతిమాలాడు. అలాగే పంపాను. గుడ్లు మారాయి, నిజం చెప్పాలి. మెమో మాత్రం మారలేదు. నా పెన్షన్ కాగితాలు కదిలే వేళకి మళ్లీ లేచి కూర్చుంది.

నన్నేదో చేశారని ఏడవడానికి చెప్పడం లేదు ఇది. నాకు పెన్షన్ వస్తోంది, బాగానే ఉన్నాను. కానీ నా తర్వాత వచ్చిన పిల్ల టీచర్లు ఆ మెమో కథ విని ఫోన్లు సంచుల్లో పెట్టేసుకున్నారు. అమ్మా, మూడో వరసలో అమ్మాయీ, నీ ప్రశ్నకి జవాబు అదే. ఆ టీచరమ్మని తిట్టకు.

ఇది మన దగ్గరే అనుకోకండి. 2019 ఆగస్టులో ఉత్తరప్రదేశ్ మీర్జాపూర్ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలు ఉప్పు నంజుకుని రొట్టె తింటుంటే ఒక విలేకరి వీడియో తీశాడు. కేసు ఎవరి మీద పెట్టారు? అతని మీదే. కుట్ర, మోసం అని. పైగా అక్కడి కలెక్టరు గారు, పేపరు విలేకరివి కదా, ఫోటో తీసుకోవాలి గానీ వీడియో ఎందుకు తీశావని అడిగారు! తర్వాత పోలీసులే అతని తప్పేమీ లేదని తేల్చారు. ఆ మధ్యలో ఆ మనిషి పడ్డ టెన్షన్ ఎవరు తీరుస్తారు?

ఇప్పుడు నేను ఏ పార్టీ మనిషినని కొందరు లెక్కలేస్తూ ఉంటారు. శ్రమ పడకండి. మన రాష్ట్రంలో 2019 అక్టోబరులో 2430 నంబరు జీవో వచ్చింది. తప్పుడు వార్త రాశారని అనిపిస్తే ఏ శాఖ కార్యదర్శి అయినా పత్రికల మీద, టీవీల మీద, సోషల్ మీడియా మీద కేసుకి వెళ్లొచ్చు అని. అప్పుడు ప్రతిపక్షం గొంతు చించుకుంది. ప్రభుత్వం మారింది. 2024 నవంబరుకల్లా సోషల్ మీడియా పోస్టుల మీద వరస కేసులు, అరెస్టులు. ఈసారి గొంతు చించుకునే వంతు అవతలివాళ్లది. పక్క రాష్ట్రంలో 2025 మార్చిలో, ఒక రైతు ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో పెట్టారని ఇద్దరు ఆడపిల్లలని, జర్నలిస్టులని, అరెస్టు చేశారు. ఆడవాళ్ల మీద బూతులు రాసేవాళ్లని పట్టుకుంటే నేనే దండేస్తాను. కానీ బూతుకీ ఫిర్యాదుకీ తేడా తెలియనట్టు నటించడం ఏమిటి? నెట్‌లో పెట్టిన రాతలకి అరెస్టులు చేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. సెక్షన్ పోయింది, అలవాటు పోలేదు.

ఇక మన కోనసీమ. 2022 మే 24 ఎవరూ మర్చిపోలేదు. జిల్లాకి అంబేద్కర్ పేరు చేర్చే గొడవలో అమలాపురం తగలబడింది. దాంతో నెట్ ఆపేశారు. ఒకటి రెండు రోజులు ఆపితే అర్థం ఉంది, పుకార్లు ఆగుతాయి. రోజుల తరబడి ఆపారు. ఇంట్లో కూర్చుని కంపెనీ పని చేసుకునే పిల్లలు ల్యాప్‌టాపులు పట్టుకుని సిగ్నల్ దొరికే చోటికి పోయారు. పుకారు ఆగిందా? నోటిమాట మీద ఇంకా ఊరింది.

పుకారంటే గుర్తొచ్చింది, ప్లాస్టిక్ బియ్యం! నవ్వకండి, ఈ హాల్లో సగం మంది ఆ వీడియో పంపినవాళ్లే. బియ్యం కడుగుతుంటే కొన్ని గింజలు తేలాయి, తెల్లగా, పెళుసుగా. ప్లాస్టిక్ కలిపేశారని గోల. మా బడికి తల్లులంతా వచ్చేశారు. సంచి చూశాను, "+ఎఫ్" అని గుర్తు ఉంది. అదేమిటో మాకు ఎవరూ చెప్పలేదు, మేమే వెతుక్కున్నాం. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్లీ గింజలా ఒత్తుతారు, వంద గింజలకి ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధానమంత్రి ప్రకటించిన పథకం అది. ఎర్రకోట మీద చెప్పారు గానీ మా వంటగదిలో ఎవరూ చెప్పలేదు. ఆ తేలే గింజలు విడిగా ఏరి, తల్లుల ముందే చిన్న గిన్నెలో ఉడికించాం. మెత్తబడ్డాయి. నేను తిన్నాను, ఒకావిడ తింది, అయిపోయింది గోల. ఏ ఛానల్ మీదా కేసు పెట్టకుండానే పోయింది.

ఇంకోటి ఉంది ఇందులో. తలసీమియా, సికిల్ సెల్ అని రెండు రక్త జబ్బులున్నాయి. తలసీమియా ఉన్నవాళ్లు డాక్టరు సలహాతోనే తినాలని, సికిల్ సెల్ ఉన్నవాళ్లు ఐరన్ కలిపినవి తినవద్దని ప్యాకెట్ మీద రాయాలనే నియమం ఉండేది. ప్రమాదమేమీ లేదని కమిటీ చెప్పిందంటూ 2024లో అది ఎత్తేశారు. కమిటీ మాట నిజమే కావచ్చు, నేను డాక్టర్ని కాను. కానీ రంపచోడవరం, చింతూరు వైపు సికిల్ సెల్ ఉన్న ఇళ్లున్నాయి. ఆ తల్లికి తెలిసే దారి ఏది?

అధ్యక్షులు గారు వాచీ చూస్తున్నారు. వస్తున్నా, వస్తున్నా.

ఉచితాలు తినేసి జనం సోమరులవుతున్నారని అరుగుల మీద మాట్లాడేవాళ్లకి ఒక్క మాట. 2022 జూలై 16న ప్రధాని గారు ఉచితాల సంస్కృతి ప్రమాదం అన్నారు. అది జరిగిన రెండో రోజు, జూలై 18 నుంచి, ప్యాకెట్ పెరుగు మీద, సంచి కట్టి పేరేసిన బియ్యం మీద ఐదు శాతం జీఎస్టీ వచ్చింది. కూలికెళ్లే ఆవిడ పెరుగు ప్యాకెట్ కొంటే పన్ను కట్టినట్టే. ఆవిడ డబ్బులు ఆవిడకి గుడ్డుగా వెనక్కొస్తే ఉచితమా?

అలాగని రేషన్ బియ్యం మీద నాకు మోజేమీ లేదు. మన పక్కనే మార్టేరులో స్వర్ణ పుట్టింది, బాపట్లలో సాంబ మసూరి పుట్టింది. దేశానికి వరి వంగడాలు ఇచ్చిన డెల్టాలో కూర్చుని జనం రేషన్ బియ్యం తినలేక కిలో పదికో పన్నెండుకో అమ్ముకుంటున్నారంటే సిగ్గుపడాలి మనం. అదే బియ్యం పాలిష్ పట్టి కాకినాడ రేవుకి పోతుంది. 2024 నవంబరులో ఆ రేవులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు ఓడని పట్టుకోమన్న "సీజ్ ద షిప్" వీడియో చూడనివాళ్లు లేరు. ఓడ చూశాం. ఆ బియ్యాన్ని అమ్ముకున్న ఇంట్లో ఆ పూట ఏం వండారో ఒక్క కెమెరా వెళ్లి చూసిందా? బడులకి 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. మంచి పని. మంచి పనిని మంచి పని అనడానికి నాకేమీ మొహమాటం లేదు. మరి అదే సన్నబియ్యం ఇంటి కార్డు మీద ఎప్పుడు? తెలంగాణలో 2025 ఉగాదికి మొదలుపెట్టారు కదా.

సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం కాబట్టి ఆవిడ మాట చెప్పాలి. లంకల గన్నవరం ఇక్కడికి ఎంత దూరం! ఏటికి అటూ ఇటూ పోయేవాళ్లు ఏ వేళప్పుడు తలుపు తట్టినా విస్తరేసిన మనిషి. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి రమ్మంటే, నేనొస్తే ఇక్కడ ఆకలితో వచ్చినవాళ్లకి ఎవరు పెడతారని వెళ్లలేదట. కనీసం ఫోటో తీసి పంపుతామంటే దానికీ ఇష్టపడలేదట, బలవంతాన తీయించారని మన సీమలో చెప్పుకుంటారు. అన్నం పెట్టినావిడ ఫోటో వద్దంది. మనమేమో చిక్కీ కవరు మీద కూడా ముఖ్యమంత్రి బొమ్మ చూశాం. నాయకుల ఫోటోలు ఎన్నైనా వెయ్యొచ్చు, పప్పు ఫోటో మాత్రం రహస్యం!

వంటావిడల సంగతి చెప్పకుండా దిగితే నాకు నిద్ర పట్టదు. నెలకి మూడు వేలు గౌరవ వేతనం, 2019 నుంచి అదే. మా వంటావిడ దగ్గర కిరాణా కొట్టు పద్దు పుస్తకం ఉండేది. కందిపప్పు, నూనె, చింతపండు అన్నీ ఆవిడ పేరు మీదే అప్పు. బిల్లులు నెలలు దాటి వచ్చేవి. కొట్టాయన అరువు ఆపిన రోజు పప్పు పల్చనయ్యేది. తనిఖీకి వచ్చినాయన పప్పు పల్చగా ఉందని రాసుకుని పోయేవాడు. పద్దు పుస్తకం చూపిస్తానంటే, అది నా పరిధి కాదమ్మా అనేవాడు.

సర్పంచి గారూ, తమరు దొరికారు కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను. పిల్లలకి వడ్డించే ముందు పెద్దవాళ్లు రుచి చూడాలని నియమం ఉంది. తల్లుల్లోంచి రోజుకొకరిని వంతు వెయ్యండి. రుచి చూసిన తల్లే ఫోటో తీస్తుంది, టీచరు కాదు. ఆవిడకి మెమో ఎవరిస్తారో చూద్దాం. ఆ ఫోటో, ఆ రోజు పిల్లల లెక్క, వంటావిడకి రావలసిన బిల్లు బాకీ, మూడూ ఈ గ్రంథాలయం నోటీసు బోర్డు మీద పెట్టాలి. లైబ్రేరియన్ గారు తల ఊపుతున్నారు, సంతోషం. 2015 నిబంధనల కాపీ నేను తెచ్చిస్తాను, జిరాక్సు ఖర్చు నాది.

రేపు మధ్యాహ్నం పన్నెండు గంటలకి మొదటి వంతు తమరే వస్తే బాగుంటుంది సర్పంచి గారూ. వస్తారా? మైకులో చెప్పండి, అందరికీ వినపడాలి... వస్తామన్నారండీ. బకెట్ నేను పట్టుకొస్తాను.